కరగకుండానే కలిసే లోహాలు: వేర్వేరు లోహాల ఘర్షణ వెల్డింగులో అతుకు బలం ఎక్కడి నుంచి వస్తుంది?

మోటారుసైకిలు ఇంజను విప్పినప్పుడు మెకానిక్కు పక్కన పడేసే పాత ఎగ్జాస్టు వాల్వు చూడటానికి ఒకే ఉక్కు ముక్కలా ఉంటుంది. దాని కాడ చివర ఒక చిన్న అయస్కాంతం ఆనిస్తే టక్కున పట్టుకుంటుంది. ఆ అయస్కాంతాన్ని మెల్లగా గొడుగులాంటి తల వైపు జరుపుతూ పోతే, చాలా వాల్వులలో ఒక చోట పట్టు ఒక్కసారిగా సడలిపోతుంది. అక్కడ కంటికి గీత కనిపించదు, గోటికి మెట్టు తగలదు. కానీ ఆ వాల్వు రెండు వేర్వేరు ఉక్కుల జోడింపు అని అయస్కాంతం చెప్పేస్తుంది. మంటల మధ్య ఉండే తలకు 21 శాతం క్రోమియం, 4 శాతం నికెలు ఉన్న, వేడికి తట్టుకునే, అయస్కాంతానికి అంటని ఉక్కు వాడతారు. గైడులో, అంటే కాడ జారే గొట్టంలో, నిమిషానికి వేల సార్లు రాసుకునే కాడకు మాత్రం, గట్టిపరచడానికి వీలైన క్రోమియం–సిలికాన్ ఉక్కు కావాలి. ఈ రెండింటినీ కలిపినది ఏ టంకమూ కాదు, ఏ కరిగిన లోహమూ కాదు. కొద్ది సెకన్ల పాటు సాగిన రాపిడి, ఆ వెంటనే ఇచ్చిన ఒక గట్టి నొక్కుడు.

దీనినే ఘర్షణ వెల్డింగు, వాడుకలో ఫ్రిక్షన్ వెల్డింగ్ అంటారు. కార్ల బరువు తగ్గించాలన్నా, విద్యుత్ వాహనాలలో రాగినీ అల్యూమినియంనూ కలపాలన్నా ఈ పేరు వినిపిస్తూనే ఉంది. దానితోపాటు "నూరు శాతం బలమైన అతుకు", "అసలు లోహం కంటే గట్టి అతుకు" వంటి మాటలూ వినిపిస్తున్నాయి. వాటిలో కొన్ని నిజాలు, కొన్ని సగం నిజాలు. ఏది ఏదో తెలియాలంటే అతుకు దగ్గర జరిగే పనిని మొదటి నుంచీ చూడాలి.

కరిగించి అతికితే వచ్చే అసలు చిక్కు

అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, ఇనుము 1538 డిగ్రీల వద్ద. ఇనుము కరిగే వేడి వచ్చేసరికి అల్యూమినియం ఎప్పుడో నీరై జారిపోయి ఉంటుంది. ఇదే పెద్ద ఇబ్బంది అని చాలామంది అనుకుంటారు గానీ, అంతకంటే లోతైన ఇబ్బంది ఇంకొకటి ఉంది. ఉప్పు నీళ్లలో కరిగినట్టు ఒక లోహం మరొక ఘన లోహంలో కరిగి ఒదిగిపోతే సమస్యే లేదు. రాగీ నికెలూ అలా ఏ పాళ్లలోనైనా ఒకదానిలో ఒకటి ఒదుగుతాయి. ఘన అల్యూమినియం మాత్రం తనలో ఇనుమును ఉంచుకోగలిగేది ఎంత వేడి మీదనైనా మహా అయితే 0.05 శాతం. అంతకు మించి వచ్చి చేరిన ఇనుము అల్యూమినియంతో కలిసి కొత్త పదార్థాలుగా మారుతుంది.

వీటిని లోహాంతర సమ్మేళనాలు అంటారు. రెండు లోహాల పరమాణువులు ఇంచుమించు స్థిరమైన నిష్పత్తిలో, తమదైన స్ఫటిక నిర్మాణంలో అమరితే ఏర్పడే పదార్థాలివి. ఇనుము–అల్యూమినియం జతలో వీటిలో ముఖ్యమైనది, రెండు ఇనుప పరమాణువులకు అయిదు అల్యూమినియం పరమాణువులు ఉండే సమ్మేళనం. దాని కాఠిన్యం వికర్స్ కొలతలో సుమారు 1000 ఉంటుంది. పక్కనున్న మెత్తటి ఉక్కుది 150 దాటదు. అంత గట్టిదైతే మంచిదే కదా అనిపించవచ్చు. కానీ గట్టిదనం వేరు, గట్టి దెబ్బకు తట్టుకోవడం వేరు. పింగాణీ పళ్లేన్ని చాకుతో గీయలేము, చెయ్యి జారితే మాత్రం అది ముక్కలవుతుంది. ఈ సమ్మేళనాలదీ అదే గుణం. అవి వంగవు, సాగవు, పగులుతాయి. రెండు లోహాలనూ కరిగించి కలిపితే ఈ పెళుసు పదార్థం దట్టమైన పొరగా పేరుకుంటుంది. అతుకు చల్లారుతూ ఉండగానే పగిలిపోవడం కూడా మామూలే.

ఘర్షణ వెల్డింగు లక్ష్యం ఈ పదార్థాన్ని పుట్టనివ్వకపోవడం కాదు, పెరగడానికి వ్యవధి ఇవ్వకపోవడం. ఈ వ్యాసంలో తక్కిన విషయాలన్నీ ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి.

రాపిడిలో ఏం జరుగుతుంది

పాత కమ్మరి కొలిమిలో రెండు ఇనుప ముక్కలను తెల్లగా కాలేదాకా కాల్చి, దాగలి మీద పెట్టి సమ్మెటతో కొట్టి ఒకటి చేసేవారు. లోహం పూర్తిగా కరిగేది కాదు. మెత్తబడిన రెండు ముఖాల మీది మలినం దెబ్బకు బయటకు చిమ్మి, శుభ్రమైన లోహం శుభ్రమైన లోహాన్ని తాకేది. ఘర్షణ వెల్డింగు చేసేదీ అదే పని. అయితే కొలిమి బదులు రాపిడి వేడినిస్తుంది, సమ్మెట బదులు హైడ్రాలిక్ సిలిండరు నొక్కుతుంది.

కడ్డీలను కలిపే యంత్రం చూడటానికి లేతును పోలి ఉంటుంది. ఒక కడ్డీ చక్‌లో, అంటే దాన్ని బిగించి తిప్పే పట్టులో, తిరుగుతుంది, రెండోది తిరగకుండా ఎదురుగా ముందుకు వస్తుంది. రెండు ముఖాలూ తాకిన క్షణం నుంచి రాపిడి మొదలవుతుంది. ముందు ఎగుడుదిగుళ్లు అరుగుతాయి, ఆక్సైడు పొర చిట్లుతుంది, వేడి పెరిగి లోహం ముద్దలా మెత్తబడుతుంది. ఆ మెత్తని లోహం అంచు నుంచి కాలరులా పొంగి బయటకు చుట్టుకుంటుంది. దీన్ని ఫ్లాష్ అంటారు. ఆక్సైడు ముక్కలూ మలినమూ చాలావరకు ఈ ఫ్లాష్‌లోనే బయటకు పోతాయి. తగినంత మెత్తబడగానే తిప్పడం ఆపి, అంతకు ముందు కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ ఒత్తిడితో నొక్కుతారు. ఈ చివరి నొక్కుడును ఫోర్జింగ్ పీడనం అంటారు.

లెక్కకు 20 మిల్లీమీటర్ల వ్యాసం గల కడ్డీని నిమిషానికి 1500 చుట్లు తిప్పుతున్నారనుకుందాం. అంచు దగ్గర వేగం సెకనుకు 1.57 మీటర్లు. సగం వ్యాసార్ధం దగ్గర అందులో సగం. సరిగ్గా నడిమధ్యలో సున్నా. అంటే రాపిడి వేడి మొదట అంచు వైపు పుడుతుంది, నడిమికి ఆలస్యంగా చేరుతుంది. ముఖం వైశాల్యం 314 చదరపు మిల్లీమీటర్లు కనుక, రాపిడి దశలో 60 మెగాపాస్కళ్ల పీడనానికి దాదాపు 1.9 టన్నుల బలం, ఫోర్జింగ్‌లో 150 మెగాపాస్కళ్లకు దాదాపు 4.8 టన్నుల బలం కావాలి. కడ్డీ వ్యాసం రెట్టింపైతే ఈ బలం నాలుగు రెట్లవుతుంది. పెద్ద సైజు అతుకులకు పెద్ద యంత్రాలు కావలసి రావడానికి కారణం ఇదే.

నడిమి వేగం సున్నా కావడం లెక్కలో వచ్చే వింత మాత్రమే కాదు. సమయం చాలకపోతే అతుకు అంచున కుదిరి, మధ్యలో పచ్చిగా మిగిలిపోతుంది. అలా అని సమయం పెంచితే అంచున పెళుసు పొర దళసరి అవుతుంది. ఒకే ముఖం మీద ఒక చోట వేడి చాలక, ఇంకో చోట వేడి ఎక్కువై రెండు తప్పులూ ఒకేసారి జరగవచ్చు. ఈ కారణంగానే కొందరు రూపకర్తలు గట్టి లోహం ముఖాన్ని చదునుగా కాక కొద్దిపాటి శంకువు ఆకారంలో కోస్తారు. అప్పుడు నడిమి భాగం ముందు తాకి, ముందే వేడెక్కుతుంది, మలినం మధ్య నుంచి అంచుకు తోసుకుపోతుంది.

జతను బట్టి సమస్య మారుతుంది

అసమాన లోహాలు అనే మాటను ఒకే రకం సమస్యలా వాడటం నాకు సరిగా తోచదు. హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహశోధన ప్రయోగశాల పరిశోధకులు శుద్ధ లోహాల అయిదు జతలను వరసగా తీసుకుని ఘర్షణ వెల్డింగుతో కలిపి చూశారు: ఇనుము–టైటానియం, రాగి–టైటానియం, ఇనుము–రాగి, ఇనుము–నికెలు, రాగి–నికెలు. ఈ వరసలోనే ఒక పాఠం ఉంది. చివరి రెండు జతలలో లోహాలు ఒకదానిలో ఒకటి ఒదుగుతాయి. ఇనుము, రాగి ఘనస్థితిలో ఒకదానినొకటి పెద్దగా కరిగించుకోవు, కానీ వాటి మధ్య పెళుసు సమ్మేళనమూ పుట్టదు. టైటానియం ఉన్న జతలలో మాత్రం లోహాంతర సమ్మేళనాలు తప్పవు. కనుక ఒక జతకు సరిపడిన రాపిడి సమయం ఇంకో జతకు విషం కావచ్చు.

రాగి–అల్యూమినియం జతలో ఇంకొక మెలిక ఉంది. రాగి 1085 డిగ్రీల వద్ద, అల్యూమినియం 660 డిగ్రీల వద్ద కరుగుతాయి. అయితే రెండూ తగిన పాళ్లలో కలిసిన చోట మిశ్రమం 548 డిగ్రీలకే ద్రవమవుతుంది. విడివిడిగా ఏ లోహమూ కరగని వేడి దగ్గర, అవి కలిసే గీత మీద మాత్రం పలచని ద్రవపు పొర ఏర్పడగలదన్నమాట. ఫోర్జింగ్ నొక్కుడు ఆ ద్రవాన్ని మొత్తం ఫ్లాష్‌లోకి తోసివేస్తే ఇబ్బంది లేదు. లోపల మిగిలిపోయినది గడ్డకట్టి పెళుసు చారగా నిలుస్తుంది. ఘర్షణ వెల్డింగులో ఏదీ కరగదు అని గట్టిగా చెప్పే మాటను ఇలాంటి జతల దగ్గర కొంచెం సడలించుకోవాలి.

ఒక మైక్రాన్ చుట్టూ జరిగే చర్చ

పెళుసు పొర ఎంత దళసరి ఉంటే అతుకు చెడుతుంది? మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం స్థూలంగా 50 నుంచి 100 మైక్రాన్లు. ఇనుము–అల్యూమినియం అతుకులలో పొర ఒకటి రెండు మైక్రాన్ల లోపు ఉన్నప్పుడు మంచి బలం వస్తుందనీ, అది దళసరి అయ్యే కొద్దీ బలం పడిపోతుందనీ స్థూలంగా అందరూ ఒప్పుకుంటారు.

పొర పెరిగే తీరుకు ఒక సరళమైన నియమం ఉంది: మందం వర్గం కాలానికి అనులోమంగా ఉంటుంది. పరమాణువులు ఇప్పటికే ఉన్న పొరను దాటుకుంటూ రావాలి కనుక, పొర పెరిగే కొద్దీ పెరుగుదల నెమ్మదిస్తుంది. ఒక స్థిరమైన వేడి దగ్గర 4 సెకన్లలో 1 మైక్రాన్ పొర వచ్చిందనుకుంటే, 2 మైక్రాన్లకు 16 సెకన్లు పడుతుంది, 3 మైక్రాన్లకు 36 సెకన్లు. ఇది విన్నవారికి సమయం పెరిగినా పెద్ద నష్టం లేదనిపిస్తుంది. కానీ వేడి స్థిరంగా ఉండదు. వేడి పెరిగే కొద్దీ పరమాణువుల కదలిక చక్రవడ్డీలా పెరుగుతుంది. రాపిడి ఆలస్యంగా ఆపిన రెండు సెకన్లలోనే వేడి కూడా పెరిగితే, అంతకు ముందు సెకన్లన్నింటిలో వచ్చినంత పొర ఆ రెండింటిలోనే రావచ్చు.

అందుకే రాపిడి సమయాన్ని అడ్డంగానూ, అతుకు బలాన్ని నిలువుగానూ వేసి గీస్తే కొండ ఆకారం వస్తుంది. ఎడమ వాలులో అతుకు కుదరనే లేదు. కుడి వాలులో కుదిరాక పాడైంది. వేర్వేరు లోహాల జతలలో ఈ కొండ శిఖరం చాలా సన్నగా ఉంటుంది. తక్కువ ఒత్తిడితో ఎక్కువసేపు తిప్పడం కంటే ఎక్కువ ఒత్తిడితో తక్కువసేపు తిప్పడం ఇనుము–అల్యూమినియం జతకు సాధారణంగా నప్పుతుందని అనుభవం చెబుతున్నది ఇందుకే.

ఇక్కడే పరిశోధకుల మధ్య ఒక నిజమైన అభిప్రాయభేదం ఉంది. కొందరి దృష్టిలో పలచని సమ్మేళన పొర ఉండి తీరాలి. రెండు లోహాల పరమాణువులు కలిశాయనడానికి అదే సాక్ష్యం. పొర అసలు కనిపించని చోట అతుకు పైపైనే పట్టుకుని ఉండవచ్చు. మరికొందరి దృష్టిలో, మామూలు సూక్ష్మదర్శినికి పొర కనిపించనంత మాత్రాన బంధం లేనట్టు కాదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూస్తే కొన్ని నానోమీటర్ల మందంలో మార్పు కనిపిస్తుంది, బలానికి అది చాలు. నా అవగాహనలో ఈ రెండు వాదాలూ కనిపించినంత దూరంగా లేవు. తేడా ఎక్కువగా ఏ పరికరంతో చూశారన్న దానిలో ఉంది. పొర సగటు మందం కంటే అది ముఖమంతటా ఒకే తీరుగా ఉందా అన్నది బలాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుందన్న వాదన నాకు మరింత బలంగా కనిపిస్తుంది. అర మైక్రాన్ సగటు ఉన్న అతుకులో ఒక మూల అయిదు మైక్రాన్ల మచ్చ ఉంటే, పగులు మొదలయ్యేది అక్కడే.

మిశ్రలోహంలో ఏముందన్నది కూడా ఈ పొర మీద ప్రభావం చూపుతుంది. మెగ్నీషియం ఎక్కువగా ఉన్న 5083 వంటి అల్యూమినియం రకాలను ఉక్కుతో కలపడం, శుద్ధ అల్యూమినియంను కలపడం కంటే కష్టం. సిలికాన్ మాత్రం ఇనుము–అల్యూమినియం పొర పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది. ఉక్కును కరిగిన అల్యూమినియంలో ముంచి పూత పూసే పరిశ్రమకు ఈ సంగతి చాలా కాలంగా తెలుసు.

వేడి ఎటు పోతుంది, ఏది పొంగుతుంది

ఒకే ముఖం మీద పుట్టిన వేడిని రెండు లోహాలూ సమానంగా పంచుకోవు. ఉష్ణ వాహకత, సాంద్రత, విశిష్టోష్ణం, ఈ మూడింటి లబ్ధానికి వర్గమూలం తీస్తే ఒక లోహం తాకిన వేడిని ఎంత చురుగ్గా పీల్చుకుంటుందో తెలుస్తుంది. సాధారణ ప్రమాణాలలో ఈ అంకె అల్యూమినియంకు సుమారు 24 వేలు, 304 రకం స్టెయిన్‌లెస్ ఉక్కుకు సుమారు 8 వేలు. నిష్పత్తి మూడుకు ఒకటి. అంటే ఈ జతలో మొదటి క్షణాలలో పుట్టిన వేడిలో నాలుగింట మూడు వంతులు అల్యూమినియంలోకే పోతుంది. పైగా తక్కువ వేడికే మెత్తబడేదీ అదే. 6061 రకం అల్యూమినియం మామూలు వేడిలో 310 మెగాపాస్కళ్ల లాగుడును తట్టుకుంటుంది. 370 డిగ్రీల దగ్గర అది 20 మెగాపాస్కళ్ల చుట్టుపక్కలకు పడిపోతుంది. అదే వేడిలో ఉక్కు దాదాపు చెక్కుచెదరకుండా ఉంటుంది.

దీని ఫలితాన్ని అతుకు మీద కళ్లారా చూడవచ్చు. అల్యూమినియం వైపు ఫ్లాష్ పుట్టగొడుగు తలలా విచ్చుకుంటుంది. ఉక్కు వైపు అంచు కోసినది కోసినట్టే పదునుగా మిగిలిపోతుంది. ఒకే లోహపు కడ్డీలలో రెండు ముఖాలూ అరిగి, పొంగి, కొత్త లోహం బయటపడుతుంది. ఇక్కడ ఉక్కు ముఖం మాత్రం పాతదే. దాని మీద నూనె మరక ఉంటే అది అక్కడే చిక్కుకునే ప్రమాదం ఉంది. లేతు ఉలి వదిలిన గీతలు ఎంత లోతో కూడా అతుకు మీద ముద్ర వేస్తాయి. కాబట్టి ఉక్కు ముఖం నునుపు, శుభ్రత, చదును అనేవి ఈ జతలో రూపకల్పనలో భాగమే గాని తర్వాత చూసుకునే పనులు కావు. మెత్తని లోహాన్ని కొంచెం లావుగా తీసుకోవడం, లేదా అది పక్కలకు పారిపోకుండా చుట్టూ ఉక్కు కట్టుతో బిగించడం కూడా ఇందుకే చేస్తారు. పారిపోయే లోహానికి అడ్డు ఉంటేనే నొక్కుడు అతుకు ముఖానికి అందుతుంది.

చల్లారేటప్పుడు మొదలయ్యే లాగులాట

అతుకు పడింది, యంత్రం ఆగింది. అక్కడితో కథ అయిపోదు. అల్యూమినియం ఒక్కో డిగ్రీకి తన పొడవులో పది లక్షల్లో 23 వంతులు, మెత్తటి ఉక్కు 12 వంతులు కుంచించుకుంటాయి. అతుకు దగ్గర లోహం 300 డిగ్రీల మేర చల్లారితే, 20 మిల్లీమీటర్ల ముఖం మీద అల్యూమినియం 0.138 మిల్లీమీటర్లు తగ్గాలనుకుంటుంది, ఉక్కు 0.072 మిల్లీమీటర్లే తగ్గుతుంది. తేడా 0.066 మిల్లీమీటర్లు, దాదాపు ఒక వెంట్రుక మందం. ఆ తేడాను ఉక్కు పూర్తిగా అడ్డుకుంటే, ఒకే దిశలో వేసిన మోటు లెక్కలో అల్యూమినియంలో పుట్టే ఒత్తిడి 231 మెగాపాస్కళ్లు. నిజానికి వేడిమీదున్న అల్యూమినియం సాగి ఇందులో చాలా భాగాన్ని దిగమింగుతుంది. మిగిలినది మాత్రం అంచు దగ్గర, ముందే పెళుసు పొర దళసరిగా ఉండే చోటనే పేరుకుంటుంది.

స్టెయిన్‌లెస్ ఉక్కు కుంచించుకునే గుణం 17 వంతులు, అంటే అల్యూమినియంకు దగ్గర. ఈ లెక్కన మెత్తటి ఉక్కు కంటే అదే మంచి జోడు. కానీ వేడిని పంచుకోవడంలో స్టెయిన్‌లెస్ ఉక్కే వెనుకబడి ఉందని పైన చూశాం. ఒక లెక్కలో గెలిచినది ఇంకో లెక్కలో ఓడిపోతుంది. లోహాల జత ఎంచుకునేవారికి అన్ని విధాలా నప్పే జోడు దొరకడం అరుదు.

మధ్యలో మూడో లోహం

రెండు లోహాలు ఒకదానితో ఒకటి పొసగకపోతే, రెండింటితోనూ పొసగే మూడో లోహాన్ని పలచగా మధ్యలో పెట్టవచ్చు. అల్యూమినియం–స్టెయిన్‌లెస్ ఉక్కు జతలో వెండి, మారేజింగ్ ఉక్కు (నికెలు ఎక్కువున్న అతి బలమైన ఉక్కు)–అల్ప మిశ్రమ ఉక్కు జతలో నికెలు ఇలా ప్రయోగించి చూసిన పూతలే. మెగ్నీషియం ఎక్కువున్న అల్యూమినియంకూ ఉక్కుకూ మధ్య శుద్ధ అల్యూమినియం ముక్క పెట్టి రెండు విడతల్లో వెల్డింగు చేయడం మరో పద్ధతి.

దీనిని సమర్థించేవారి వాదన తేలికగా అర్థమవుతుంది. చెడు సమ్మేళనం పుట్టే రెండు లోహాలు అసలు తాకవు. దీనికి ఒక యాంత్రిక లాభమూ తోడవుతుంది. మెత్తని పలచని పొర రెండు గట్టి లోహాల మధ్య ఇరుక్కుని ఉంటే, లాగినప్పుడు పక్కలకు కుంచించుకునే వీలు దానికి ఉండదు. అందువల్ల విడిగా తనకున్న బలం కంటే ఎక్కువ బలాన్ని అది చూపగలదు. వ్యతిరేకించేవారి వాదనా తేలికదేమీ కాదు. ఒక గీత ఉన్న చోట రెండు గీతలు వచ్చాయి, పరీక్షించవలసినవి రెట్టింపయ్యాయి. రాపిడిలో పూత అంచుకు కొట్టుకుపోయి, నడుమ ఒక చోట ఉండి, ఒక చోట లేకుండా పోవచ్చు. వెండి ఖరీదు సరేసరి. రోజుకు వేల సంఖ్యలో చేసే భాగాలకు మూడో లోహం భారం అవుతుంది; రాకెట్టులో అతి చల్లని ద్రవ ఇంధనాన్ని మోసే గొట్టం వంటి చోట, ఒక్క అతుకు చెడితే అన్నీ పోయే పనిలో, అదే భారం సబబైన ఖర్చు అవుతుంది.

నూరు శాతం అంటే దేనిలో నూరు శాతం

అతుకు సామర్థ్యం అంటే అతుకు తెగిన బలాన్ని అసలు లోహం బలంతో భాగించగా వచ్చే శాతం. వినడానికి ఇంతకంటే సూటి కొలత ఉండదు. కానీ భాగహారం కింద ఏ అంకె వేశారన్నది ముఖ్యం.

ఊహకు ఒక ఉదాహరణ. 6061 అల్యూమినియంను గట్టిపరచిన స్థితిలో, అంటే 310 మెగాపాస్కళ్ల బలంతో తీసుకుని ఉక్కుతో కలిపారు. లాగితే 220 దగ్గర తెగింది. సామర్థ్యం 71 శాతం. ఇదే మిశ్రలోహం పూర్తిగా మెత్తపరచిన స్థితిలో ఉంటే దాని బలం సుమారు 125 మెగాపాస్కళ్లే. ఆ కడ్డీతో చేసిన అతుకు 125 దగ్గర తెగితే నూరు శాతం అనిపించుకుంటుంది. బలమైనది మొదటి అతుకు, మంచి శాతం వచ్చింది రెండోదానికి. పరిశోధన వ్యాసాల పట్టికలను పక్కపక్కన పెట్టి చూసేవారు తరచుగా ఈ చోటే తడబడతారు.

రెండో మెలిక తెగిన చోటుకు సంబంధించినది. "అతుకు తెగలేదు, అల్యూమినియమే తెగింది" అంటే అతుకు గెలిచినట్టే అని సాధారణ అభిప్రాయం. అయితే గట్టిపరచిన 6061కు ఆ గట్టిదనం 160 నుంచి 175 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచినప్పుడు పుట్టిన సూక్ష్మ కణాల వల్ల వస్తుంది. వెల్డింగు వేడికి అతుకు పక్కనున్న కొన్ని మిల్లీమీటర్ల పట్టీలో ఆ కణాలు చెడిపోయి, ఆ పట్టీ మెత్తబడుతుంది. లాగినప్పుడు ఆ పట్టీ ముందుగా సాగి తెగిపోతుంది కనుక, అతుకు గీతకు అసలు పరీక్షే జరగలేదు. దానిని తిరిగి గట్టిపరచాలంటే భాగాన్ని 530 డిగ్రీల దాకా వేడిచేయాలి. ఆ వేడిలో పెళుసు పొర హాయిగా పెరుగుతుంది. ఒకటి సరిచేయబోతే ఇంకొకటి చెడుతుంది.

అందుకే కొందరు సరిగ్గా అతుకు గీత మీదనే గాడి కోసి లాగి చూస్తారు, వంచి చూస్తారు, దెబ్బ కొట్టి చూస్తారు. లాగుడు పరీక్షలో దిట్టగా నిలిచినవే వంపు పరీక్షలో విడిపోవడం ఈ జతలలో కొత్త కాదు. తెగిన ముఖాన్ని చూస్తే కారణం సగం అక్కడే చదవవచ్చు. మంచి అతుకు తెగినప్పుడు ఉక్కు ముఖం మీద అల్యూమినియం బూడిద రంగులో, గరుకుగా, పీచుపీచుగా అంటుకుని ఉంటుంది. చెడ్డ అతుకు తెగినప్పుడు ఉక్కు ముఖం చదునుగా, కొన్నిచోట్ల మెరుస్తూ, లేతు గీతల గుండ్రని ముద్రలతో సహా కనిపిస్తుంది. అల్యూమినియం ఆ ముఖాన్ని అంటుకోనే లేదని దానర్థం. నడుమ మెరుపు, అంచున పీచు ఉంటే సమయం చాలలేదని. అంచున మెరుపు, నడుమ పీచు ఉంటే ఎక్కువైందని అనుమానించవచ్చు.

రేకులకు వేరే దారి

ఇప్పటిదాకా చెప్పినది కడ్డీల సంగతి. రేకులను తిప్పలేము కనుక, వాటికి తిరిగే పనిముట్టును వాడతారు. 1991లో ఇంగ్లండులో కేంబ్రిడ్జి దగ్గరున్న వెల్డింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టిన ఈ పద్ధతిని ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్ అంటారు. తిరుగుతున్న మేకులాంటి పనిముట్టు రెండు రేకుల అంచు వెంట నడుస్తూ, మెత్తబడిన లోహాన్ని పిండి కలిపినట్టు కలుపుతుంది. వేర్వేరు లోహాల దగ్గర మాత్రం రెండింటినీ సమానంగా కలపడం పొరపాటు. మేకును దాదాపు పూర్తిగా అల్యూమినియంలోనే నడిపి, ఉక్కు అంచును గీకి మాత్రం వదలాలి. మెత్తటి ఉక్కును 5083 అల్యూమినియంతో కలిపిన ఒక జపాన్ ప్రయోగంలో, మేకు ఉక్కులోకి 0.2 మిల్లీమీటర్లు మాత్రమే చొచ్చుకున్నప్పుడు అత్యధిక బలం వచ్చింది. అది అల్యూమినియం బలంలో 86 శాతం. అంతకంటే లోతుగా పోతే ఉక్కు తునకలు అల్యూమినియంలో కలిసి, ప్రతి తునక చుట్టూ పెళుసు పొర పుడుతుంది. హోండా సంస్థ 2013 అకార్డు కారు ముందరి సబ్‌ఫ్రేములో (ఇంజను వంటి బరువులను మోసే చట్రంలో) ఉక్కునూ అల్యూమినియంనూ ఈ రకం పద్ధతితో కలిపి, అంతకు ముందున్న ఉక్కు సబ్‌ఫ్రేము కంటే 25 శాతం బరువు తగ్గించినట్టు ప్రకటించింది.

వాడకంలోనూ ఆగని పెరుగుదల

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర రాగి టెర్మినల్‌కు అల్యూమినియం కేబుల్ బిగించేచోట ఎలక్ట్రీషియన్లు బైమెటాలిక్ లగ్గు వాడతారు. కేబుల్ దూర్చే గొట్టం తెల్లగా అల్యూమినియం, బోల్టు పట్టే చదును భాగం ఎర్రగా రాగి. రెండు రంగులూ కలిసే చోట కత్తితో కోసినట్టుండే గీతే ఘర్షణ వెల్డింగు. ఇక్కడ అతుకు మోయవలసింది బరువు కాదు, కరెంటు.

రాగి–అల్యూమినియం సమ్మేళనాలు విద్యుత్తును రాగి కంటే బాగా తక్కువగా ప్రసరింపజేస్తాయి. మందం వర్గం కాలానికి అనులోమం అన్న నియమం యంత్రం ఆగినా ఆగదు. మామూలు వేడిలో దాని నడక మనం పట్టించుకోనంత నెమ్మదిగా ఉంటుంది, అంతే. లగ్గు వదులుగా బిగించడం వల్లనో, భారం పెరగడం వల్లనో అది ఏళ్ల తరబడి వేడెక్కుతూ ఉంటే పొర పెరుగుతుంది, పొర పెరిగితే నిరోధం పెరుగుతుంది, నిరోధం వల్ల వేడి ఇంకా పెరుగుతుంది. ఒక స్థిరమైన వేడి దగ్గర మొదటి ఏడాదిలో 1 మైక్రాన్ పొర వచ్చిందనుకుంటే 4 మైక్రాన్లకు 16 ఏళ్లు పడుతుంది. అదే వేడి ఇంకొంచెం ఎక్కువైతే ఆ 16 ఏళ్లు కొద్ది ఏళ్లకే కుదించుకుపోవచ్చు. కనుక ఇక్కడ అతుకు వేసిన రోజు కొలిచిన బలం కంటే, వేడిలో కొన్ని వందల గంటలు ఉంచి, మళ్లీ మళ్లీ వేడిచేసి చల్లార్చిన తర్వాత కొలిచిన నిరోధమే ఎక్కువ చెబుతుంది.

దీనికి తోడు నీరు. రాగి, అల్యూమినియం పక్కపక్కన ఉన్నచోట ఉప్పు తేమ చేరితే అల్యూమినియం తినేయబడుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర పట్టణాల గాలిలో ఈ బెడద ఎక్కువ. వెల్డింగు చేసిన ముఖం లోపలికి నీరు పోదు గనుక, లగ్గు లోపలి రాగి–అల్యూమినియం స్పర్శ భద్రంగానే ఉంటుంది. బిగించి కలిపిన జోడు కంటే వెల్డింగు జోడు మేలు కావడానికి ముఖ్య కారణం ఇదే. కానీ బయట చుట్టూ కనిపించే ఆ ఎరుపు–తెలుపు గీత మాత్రం తేమకు తెరిచే ఉంటుంది. తీరంలో వాడే లగ్గులలో గీత మీదుగా వేడికి ముడుచుకునే తొడుగు వేయడం, రాగి భాగానికి తగరపు పూత పూయడం ఆ తెరిచి ఉన్న అంచు కోసం.